చిన్నకారు వెనుక చక్రముల యిల్లు



ఇంగ్లండు దేశమున వేసవి సెలవులలో పెద్దబాటల వెంట పోవువారికి తఱచుగా కంటబడు దృశ్యమొకటి కలదు. ముందొక సామాన్యమైన కుటుంబపు కారు. దాని వెనుక, దానికంటె ఎత్తును పొడవును అధికముగా గల యొక తెల్లని చక్రముల యిల్లు. ఆ యింటిని కారవాను అందురు. పరుపులు, వంటపొయ్యి, భోజనపు బల్ల, చిన్న స్నానపుగది, అన్నియు అందులో అమర్చబడి యుండును. దానికి తనదైన ఇంజను లేదు. కారు ఎచ్చటికి లాగిన అచ్చటికి పోవును. ఊరి వెలుపల పచ్చికబయలున నిలిపి కారును విప్పినచో, ఆ రాత్రికి అదియే గృహము.

ఇది క్రొత్త వేడుక కాదు. నౌకాదళమున వైద్యుడుగా పనిచేసిన విలియం గోర్డన్ స్టేబుల్సు అను నాతడు 1885వ సంవత్సరమున, బ్రిస్టలు నగరపు బండ్ల కర్మాగారమున తన విహారమునకై ఒక యింటిబండిని చేయించుకొని, రెండు గుఱ్ఱములను కట్టి, స్కాట్లండులోని ఇన్వర్నెస్సు వఱకు ప్రయాణము చేసెను. ఆ బండికి 'వాండరర్', అనగా సంచారి, యని పేరిడెను. 1907లో ఇట్టి విహారప్రియులు కూడి కారవాను క్లబ్బును స్థాపించుకొనిరి. 1919లో బర్మింగుహామున ఏర్పడిన ఎక్లిస్ సంస్థవారు మోటారుకారు వెనుక కట్టుకొనదగిన కారవానులను చేసి విక్రయింప నారంభించిరి. గుఱ్ఱములు పోయి వాని స్థానమున కారు వచ్చినది. కాని బండివానికి తెలిసిన కొన్ని సత్యములను కారు నడుపువాడు మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది. వానిని గూర్చియే నేడు మనవి చేయదలచితిని.

ఆ దేశమున స్థిరపడిన మన తెలుగువారిలో కొందఱు నన్నడుగు ప్రశ్న ఒక్కటియే: "మాది చిన్నకారు. ఇది కారవానును లాగగలదా?" చదునైన బాటపై వేయి కిలోగ్రాముల బండిని లాగుట నేటి చిన్న ఇంజనుకు అంత కష్టమైన పని కాదు. కాబట్టి లాగగలదనియే నా సమాధానము. కాని అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి కలదు. వెనుకనున్న బండి కారును ముందుకు నెట్టినప్పుడు, ప్రక్కకు ఊపినప్పుడు, కారు దానిని పట్టి నిలుపగలదా? ఈ రెండవ ప్రశ్నను నేనును మొదట అడుగలేదు. దాని ఫలితమును ముందుగా చెప్పెదను.

మొదటి వేసవిలో నేను, నా భార్య, ఇద్దఱు పిల్లలు స్కాట్లండునకు బయలుదేరితిమి. మా కారు బరువు 1,250 కిలోగ్రాములు. కారవాను నిండుబరువు వేయికి కొంచెము తక్కువ. అంకెలలో దోషమేమియు లేదు. మా కారవానులో వంటగది వెనుకవైపున ఉండెను. వంటసామాను వంటగదిలోనే యుండవలెను గదా యని, ఇరువది కిలోల బియ్యమును, పండ్రెండు కిలోల రుబ్బుడు యంత్రమును అచ్చటనే పెట్టితిమి. దారిలో నీరు దొరకునో దొరకదో యని నలుబది లీటర్ల నీటిపీపాను నింపి దానిని గూడ వెనుక గోడ కానించితిమి. పరదేశమున నున్నను ఇడ్లీపిండి విడువలేని కుటుంబము మాది.

ఎం-6 అను పెద్దబాట ఉత్తరదిశకు పోవుచు షాప్ అను చోట వేయి అడుగులకు పైగా ఎక్కి, పిదప పెన్‌రిత్ వైపునకు దిగును. ఎక్కునంతవఱకు నాకు ఇంజనును గూర్చియే చింత. దిగుటయందు చింత యేమి యని, గంటకు 60 మైళ్ల వేగమున ఒక పెద్ద లారీని దాటబోతిని. కారు లారీ ముందుభాగమును సమీపించునప్పటికి, లారీ చీల్చిన గాలి మా కారవానును ప్రక్కకు త్రోసెను. ఒక ఊపు, దానికి ప్రతిగా రెండవ ఊపు, మూడవది మొదటిదానికంటె పెద్దది. "ఏమండీ, వెనుకబండి ఊగుతున్నది" అని నా భార్య యన్నది. అద్దములో కారవాను కుడిప్రక్కను ఒకసారి, ఎడమప్రక్కను ఒకసారి పూర్తిగా కనబడుచుండెను. నా చేతిలోని చక్రము తేలికయై, కారు వెనుకభాగము నా మాట వినుట మానెను. బ్రేకు గట్టిగా త్రొక్కవలెనని కాలు తహతహలాడినది. ఏ పూర్వపుణ్యమో, త్రొక్కలేదు. పెట్రోలు పెడలునుండి కాలు తీసి, చక్రమును నిటారుగా పట్టుకొని యుంటిని. వేగము 50 మైళ్లకు తగ్గిన పిమ్మట ఊపు సన్నగిల్లి ఆగిపోయెను. అంతయు పది క్షణములకు మించి యుండదు. వెనుక సీటులోని పిల్లలు ఆట యనుకొని నవ్వుచుండిరి. నాకు మాత్రము తరువాతి విరామస్థలమున కారు దిగినప్పుడు మోకాళ్లు నిలువలేదు.

అచ్చట మా ప్రక్కన కారవాను నిలిపిన వృద్ధుడొకడు నా ముఖము చూచి సంగతి యడిగెను. విని, తన పెట్టెనుండి గొట్టమువంటి చిన్న స్ప్రింగు త్రాసును తెచ్చి, కారవాను ముందుకొక్కెము క్రింద నిలిపి చూచెను. కొక్కెముపై పడుచున్న బరువు 15 కిలోగ్రాములు. ఆతడు తల యాడించి, నీటిని పాఱబోయించి, బియ్యమును రుబ్బుడు యంత్రమును కారవాను నడుమ, ఇరుసునకు పైగా, నేలమీద పెట్టించెను. మరల తూచగా 60 కిలోగ్రాములకు పైగా వచ్చెను. అదే కారు, అదే కారవాను. కాని ఆ మిగిలిన ప్రయాణమంతయు అది మఱియొక బండివలె నడచెను.

దీనికి కారణము మన రెండెడ్ల బండిని చూచినవారికి సులభముగా బోధపడును. బరువంతయు వెనుకకు వేసినచో నొగ పైకి లేచును. కాడి ఎడ్ల మెడలను విడిచి, మెడత్రాళ్లు గొంతులకు బిగియును. ముందుకు వేసినచో మెడలు క్రుంగి ఎడ్లు అడుగు వేయలేవు. అందుచేత బండివాడు బస్తాలను ఇరుసుమీద సరిచూచి, కాడిమీద ఇంచుక బరువు పడునట్లు సర్దుకొనును. కారవానుకు కాడి యనగా కారు వెనుకనుండు 50 మిల్లీమీటర్ల వ్యాసముగల ఉక్కుగుండు. దానిపై కారవాను కొక్కెము కూర్చుండును. ఆ గుండుపై పడు బరువు కారవాను అసలు బరువులో నూటికి 5 మొదలు 7 వంతుల వఱకు ఉండవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. వేయి కిలోల బండికి ఇది 50 మొదలు 70 కిలోలు. ఐతే కారు చేసినవారును, కొక్కెము చేసినవారును తమ తమ గరిష్ఠ పరిమితులను వ్రాసి యుంతురు. వానిలో ఏది తక్కువైన అదియే ప్రమాణము. చిన్నకార్లకు ఈ పరిమితి స్వల్పముగా నుండును గనుక కొనకముందే చూచుకొనవలెను.

నొగబరువు సరిపోయిన మాత్రమున చాలదు. ముందుకొనలో ఒక బరువును వెనుకకొనలో ఒక బరువును పెట్టి, త్రాసును మోసపుచ్చవచ్చును, ఊపును మోసపుచ్చలేము. ఇరుసునుండి దూరముగా నున్న బరువు బండి త్రిప్పుటకు చూపు మొండితనము దూరము యొక్క వర్గమును బట్టి పెరుగును. ఇరుసునకు ఒక మీటరు దూరముననున్న పది కిలోలకంటె, మూడు మీటర్ల దూరముననున్న అవే పది కిలోలు తొమ్మిది రెట్లు మొండివి. అట్టి బండి ఒకసారి ఊగ నారంభించిన, ఆపుట కష్టము. కాబట్టి బరువైనవి నేలమీద, ఇరుసునకు దగ్గఱగా. తేలికయైనవి కొనలయందును పై అరలయందును ఉంచవలెను.

ఈ ఊపును ఆ దేశపువారు పాము మెలికతో పోల్చుదురు. తక్కువ వేగమున బండి ఊగినను టైర్లు నేలను పట్టి ఆ ఊపును త్వరలో చంపివేయును. వేగము పెరిగినకొలది ఊపు చచ్చుటకు ఎక్కువ కాలము పట్టును. ఒకానొక వేగమును దాటిన తరువాత ఊపు చావక, ప్రతి మెలికకును పెరుగుచు పోవును. ఆ వేగము ప్రతి జంటకును వేఱు. చక్కగా సర్దిన బండికి అది మనము ఎన్నడును చేరని చోట నుండును. చెడుగా సర్దిన బండికి దిగుడులో పొంచియుండును. నాకు షాప్ దిగుడున తారసపడినది అదియే. అట్టి సమయమున చక్రమును ఎదురు త్రిప్పినచో మన త్రిప్పుట ఆలస్యమై ఊపునకే తోడ్పడును. గట్టిగా బ్రేకు త్రొక్కినచో కారును వెనుకబండి ఏటవాలుగా నెట్టి, రెండును చాకు మడచినట్లు మడచుకొనిపోవచ్చును. పెట్రోలు తగ్గించి, చక్రమును నిటారుగా పట్టి, వేగమును తననుతానే తగ్గనిచ్చుటయే మార్గము. కొక్కెములో గుండును బిగియపట్టు రాపిడి దిమ్మలుగల స్థిరీకరణ సాధనములును, ఊపును గుర్తించి కారవాను బ్రేకులను తామే పట్టు విద్యుత్ సాధనములును నేడు కలవు. అవి మేలైనవే. కాని అవి చెడు సర్దుబాటునకు మందు కాజాలవు.

ఇక బరువుల లెక్క. మూడు అంకెలను తెలిసికొననిదే కొక్కెము కొనరాదు. మొదటిది కారు స్వంత బరువు. రెండవది కారవాను నింపదగిన గరిష్ఠ బరువు. క్రొత్తవారు ఈ రెండవదానిని మొదటిదానిలో నూటికి 85 వంతులకు లోబఱచుకొనవలెనని ఆ దేశమున వాడుకలోనున్న హితవు. 1,250 కిలోల కారుకు ఇది 1,062 కిలోలు. ఇది చట్టము కాదు. కాని చిన్నకారువానికి ఇంతకంటె మంచి స్నేహితుడు లేడు. మూడవది కారును తయారుచేసినవారు విధించిన పరిమితి. కారుపై అతికిన లోహపు పలకమీద దీనిని చూడవచ్చును. సాధారణముగా అందులో మొదటి అంకె నిండుకారు బరువు. రెండవది కారును బండియు కలిసిన మొత్తము. రెండవదానినుండి మొదటిది తీసివేయగా మిగిలినది, కారు నిండియుండగా లాగదగిన బరువు. కొన్ని చిన్నకార్లకు లాగుటకు అనుమతియే యుండదు. అట్టి కారుకు బజారులో కొక్కెము దొరకినను తగిలింపరాదు.

కారవానును ఖాళీగా తూచిన బరువునకును, నింపదగిన గరిష్ఠ బరువునకును నడుమ భేదము చిన్నకారవానులలో నూట యేబది కిలోలకు మించకపోవుట కలదు. అందులో గ్యాసు సిలిండరు, బ్యాటరీ, వాకిటి గుడ్డపందిరి, కుర్చీలు, పక్కబట్టలు, పాత్రలు, పిల్లల సైకిళ్లు అన్నియు ఇమడవలెను. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము. దిగుచోట నీటి కొళాయి యుండగా, నలుబది లీటర్ల నీటిని రెండువందల మైళ్లు మోసికొని పోవుట యెందులకు? నింపిన తరువాత సందేహమున్నచో లారీలను తూచు కాటాపై తూచుకొనుట ఉత్తమము.

బలమును గూర్చి ఒకమాట. కారును, కుటుంబమును, కారవానును కలిపి 2,500 కిలోలనుకొందము. నూటికి 12 వంతుల యెత్తున, అనగా ఇంచుమించు ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచు చోట, ఈ మొత్తమును పైకి లాగుటకు 300 కిలోల బరువు నెత్తునంత బలము కావలెను. గంటకు 30 మైళ్ల వేగమున ఎక్కవలెనన్న దీనికే సుమారు 53 అశ్వబలములు వ్యయమగును. గాలి యొత్తిడియు టైర్ల రాపిడియు దీనిపై అదనము. 15 మైళ్ల వేగమున సగము చాలును. నూరు అశ్వబలముల ఇంజననిన, ఆ నూరును ఇంజను మిక్కిలి వేగముగా తిరుగునప్పుడే లభించును. కాబట్టి ఎక్కుడు మొదలుకాకముందే గేరు దింపి, తొందరపడక ఎక్కవలెను. ఐరోపా నిబంధనల ప్రకారము లాగుడు పరిమితిని నిర్ణయించుటకు, నిండిన జంట 12 వంతుల యెత్తుమీద ఆగి, ఐదు నిమిషములలో ఐదుమారులు కదలగలుగవలెను. పలకమీది అంకె వెనుక ఇట్టి పరీక్ష యొకటి కలదు. అంతకంటె నిటారైన బాటలును ఆ దేశమున నున్నవి. ఉత్తర యార్క్‌షైరులోని సటన్ బ్యాంకు అను కొండదారి నాలుగింటికి ఒకటి చొప్పున లేచును. అచ్చట కారవానులకు ప్రవేశమే లేదు. మార్గమును పటముమీద ముందుగా చూచుకొనని వానికి ఇట్టిచోట్ల వెనుదిరుగుట తప్పదు.

ఎక్కుటకంటె దిగుటయే కఠినము. ఈ కారవానుల బ్రేకు చిత్రమైనది. కారు నెమ్మదించినప్పుడు కారవాను ముందుకు తోసికొనివచ్చి, నొగలోని కడ్డీ లోనికి నొక్కబడును. ఆ నొక్కుడే తీగలను లాగి కారవాను చక్రములకు బ్రేకు వేయును. అనగా కారు కొంత నెట్టబడిన పిమ్మటనే బండి ఆగుట ఆరంభించును. దీర్ఘమైన దిగుడున బ్రేకునే నమ్ముకొన్నచో అవి వేడెక్కి పట్టు విడుచును. ఏ గేరుతో ఎక్కవలసియుండునో ఆ గేరుతోనే దిగవలెనన్నది పాతమాట, నేటికిని మంచిమాట. కొక్కెము దైవవశమున ఊడినచో కారవాను బ్రేకును పట్టి పిదప తెగిపోవు సన్నని తీగ యొకటి యుండును. దానిని కారుకు తగిలించుట మఱవరాదు.

చట్టమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. బ్రిటనులో కారవాను లాగు కారు నడిమిగట్టులేని సాధారణపు బాటలపై గంటకు 50 మైళ్లు, నడిమిగట్టుగల బాటలపైనను మోటారు మార్గములపైనను 60 మైళ్లు మించరాదు. మూడు వరుసల మోటారు మార్గమున కుడికొన వరుసలోనికి పోరాదు. కారవాను వెడల్పుగా నున్నచో కారు అద్దములకు పొడిగింపు అద్దములను తగిలింపవలెను. 1997 జనవరి 1వ తేదీ మొదలు కారు పరీక్షలో నెగ్గినవారు భారీజంటను లాగుటకు మఱియొక పరీక్ష నియ్యవలసి యుండెడిది. 2021 డిసెంబరు 16వ తేదీనుండి ఆ పరీక్ష తొలగింపబడినది. సామాన్యపు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వఱకు గల బండిని లాగవచ్చును. ఇది సౌకర్యమే. కాని పరీక్ష తొలగిన మాత్రమున కొండలు చదును కాలేదు, గాలి నిలిచిపోలేదు. పరీక్షాధికారి చూచునదంతయు ఇప్పుడు మనమే చూచుకొనవలెను. అచ్చటి కారవాను సంఘములు ఒకటి రెండు దినముల శిక్షణ నిచ్చుచున్నవి. చిన్నకారువారు ముందుగా ఆ శిక్షణకు వ్యయము చేసినచో ధనమునకు చక్కని ప్రయోజనము.

వెనుకకు నడుపుట యొక్కటి క్రొత్తవారిని మిక్కిలి తికమక పెట్టును. కారు వెనుకభాగము ఎడమకు జరిగిన కారవాను వెనుకభాగము కుడికి పోవును. దీనికొక యుపాయము కలదు. చేతిని చక్రము అడుగుభాగమున పట్టుకొని, కారవాను వెనుకభాగము ఎటు పోవలెనో చేతిని అటు జరుపుడు. కొంచెము కొంచెముగా జరుపుడు. తప్పిన వెంటనే ముందుకు పోయి మరల ఆరంభించుటలో సిగ్గు లేదు. ఖాళీ మైదానమున ఒక ఉదయము వెచ్చించినచో చాలును.

బయలుదేరునప్పుడు మా యింట ఇప్పుడొక నియమమున్నది. కొక్కెము గుండుపై కూర్చున్న పిమ్మట ముందున్న చిన్నచక్రమును క్రిందికి త్రిప్పి, కారు వెనుకభాగము కొంచెము లేచుట చూతును. లేచినచో కొక్కెము పట్టినదని అర్థము. పిదప ఆ చక్రమును పూర్తిగా పైకెత్తి బిగింతును. నా భార్య వెనుక నిలిచి దీపములను ఒక్కొక్కటిగా చూచి చెప్పును. పెద్దపిల్ల నాలుగు మూలల ఊతకాళ్లును పైకెత్తబడినవో లేదో చూచును. చిన్నవాడు గ్యాసు కట్టబడినదో లేదో అడుగును. టైర్ల గాలి, వాని వయస్సు నేను చూతును. కారవాను టైర్లు అరుగకముందే ముదిసి పగులును. అందఱును కారులో కూర్చున్న పిమ్మటనే బండి కదలును; నడుచు కారవానులో ఎవ్వరును ఉండరాదు.

రుబ్బుడు యంత్రము నేటికిని మాతో వచ్చుచున్నది. దాని చోటు ఇరుసుమీద, నేలకు ఆనించి, త్రాటితో కట్టి. స్ప్రింగు త్రాసు నొకదానిని నేనును కొంటిని. విరామస్థలములలో ఎవరి కారవానైనను వెనుకకు వాలి, ముందు కొక్కెము పైకి లేచియున్నట్లు కనబడినచో, ఆ వృద్ధుడు నాకు చేసినట్లు వెళ్లి పలకరించుచుందును. కొందఱు విందురు, కొందఱు నవ్వుదురు. మీ పిల్లలో బంధువులో ఆ దేశమున చిన్నకారు వెనుక చక్రముల యింటిని కట్టుకొని బయలుదేరబోవుచున్నచో, కారు లాగగలదా యని గాక, నొగబరువు చూచితిరా యని యొక్కమాట అడుగుడు.